నాడీకణాల్లో ఆక్సీకరణ ఒత్తిడిని కాంతినిచ్చే ప్రోబ్‌లతో కొలవడం ఎలా?

మెదడు బరువు శరీర బరువులో సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్న మనిషి వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. నాడీకణాల పొరల్లో తేలికగా ఆక్సీకరణ చెందే బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. సబ్‌స్టాన్షియా నైగ్రా వంటి భాగాల్లో ఇనుము కూడా పోగుపడుతుంది. అందువల్ల పార్కిన్సన్స్, అల్జీమర్స్, ఏఎల్ఎస్ (కదలికలను నడిపే నాడీకణాలు క్షీణించే వ్యాధి) వంటి నాడీ క్షీణత వ్యాధులపై పనిచేసే చాలా ప్రయోగశాలలకు ఆక్సీకరణ ఒత్తిడిని, అంటే ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు కణం రక్షణను మించిపోయే స్థితిని, కొలవవలసిన అవసరం ఏదో ఒక దశలో వస్తుంది. చాలాచోట్ల ఆ కొలత ఒకే పద్ధతిలో సాగుతుంది: ఒక ప్రోబ్ (ఆక్సీకారక అణువులు తగిలితే వెలిగే పదార్థం) తెప్పించి, కణాలకు కలిపి, వెలుగు పెరిగితే ఒత్తిడి పెరిగిందని, తగ్గితే మందు పనిచేసిందని రాసేస్తారు. ఆ వెలుగు ఏ అణువు వల్ల, కణంలో ఏ చోట, ఏ చర్య ద్వారా పుట్టిందో తెలియకపోతే ఆ గ్రాఫ్‌కు అర్థం లేదు.

ఇది కేవలం పద్ధతులకు సంబంధించిన పట్టింపు కాదు. పార్కిన్సన్స్ తొలి దశలో ఉన్న 800 మందిపై జరిపి 1993లో ఫలితాలు ప్రకటించిన డాటాటాప్ పరీక్షలో విటమిన్-ఇ రూపమైన టోకోఫెరాల్ వ్యాధి గమనాన్ని ఆపలేకపోయింది. అటువంటి నిరాశకు కారణాలు అనేకం ఉండవచ్చు. అయినా, ఏ ఆక్సీకారిణి, ఏ కణభాగంలో, వ్యాధి ఏ దశలో హాని చేస్తున్నదో స్పష్టంగా తెలియకుండా దానిని అడ్డుకునే మందును ఎంచుకోవడం కష్టమని నా గట్టి అభిప్రాయం. ప్రోబ్‌తో చేసే పని ఆ ప్రశ్నలకు జవాబు ఇవ్వాలి. కల్చర్‌లో (ప్రయోగశాల పాత్రల్లో) పెంచిన నాడీకణాలతో ఆ పనిని ఎలా చేయాలో కింద వరుసగా వివరిస్తున్నాను. కణజాలం, బతికి ఉన్న జంతువుల విషయం చివరలో వస్తుంది.

మొదటి అడుగు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

ప్రోబ్ పేరు ఆలోచించే ముందు, మీరు వెతుకుతున్న అణువు పేరు కాగితంపై పెట్టండి. ‘ఆర్‌ఓఎస్’ (ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు) అని మనం కుదించి పిలిచేది ఒక పదార్థం కాదు. సూపరాక్సైడ్ ఆవేశం గల అణువు కాబట్టి పొరలను సులభంగా దాటదు. పుట్టిన చోటనే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ దానిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ వీటన్నిటిలో నిలకడైనది. ఆక్వాపోరిన్ మార్గాల గుండా పొరలు దాటుతుంది, తక్కువ మోతాదులో కణానికి సంకేతంగా కూడా పనిచేస్తుంది. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటు నుంచి కొన్ని నానోమీటర్ల దూరం కూడా పోకుండా పక్కనున్న అణువును తాకి అంతరిస్తుంది. సూపరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ కలిసిన మరుక్షణం పెరాక్సీనైట్రైట్ ఏర్పడుతుంది. ఇంత భిన్నమైన స్వభావాలున్న వాటిని ఒకే వెలుగుతో కొలవగలమని అనుకోవడం తగదు. ‘రోటినోన్ అనే విషం ఇచ్చిన రెండు గంటలలోపు మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) మాత్రికలో, అంటే దాని లోపలి గదిలో, హైడ్రోజన్ పెరాక్సైడ్ పెరుగుతుందా?’ వంటి వాక్యం మీ నోట్‌బుక్‌లో ఉంటే, ప్రోబ్ ఎంపిక సగం పూర్తయినట్లే.

రెండవ అడుగు: మీ నమూనా తనంతట తాను వెలుగు పుట్టించకుండా చూసుకోండి

పార్కిన్సన్స్ నమూనాగా ఎక్కువమంది ఎస్‌హెచ్-ఎస్‌వై5వై కణాలకు (మనిషి నాడీ కణితి నుంచి వచ్చిన కణాలు) రోటినోన్, ఎంపీపీ అయాన్, 6-హైడ్రాక్సీడోపమీన్ అనే విషాల్లో ఏదో ఒకటి ఇస్తారు. మొదటి రెండూ మైటోకాండ్రియాలోని ఒకటవ సంక్లిష్టాన్ని (కాంప్లెక్స్-1) అడ్డుకుంటాయి. ఎంపీపీ అయాన్ డోపమీన్ వాహకం ద్వారా లోపలికి వెళ్తుంది కాబట్టి, ఆ వాహకం తక్కువగా ఉన్న కణాల్లో దాని ప్రభావం మందగిస్తుంది. 6-హైడ్రాక్సీడోపమీన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం: అది కణంలోకి వెళ్లకముందే మాధ్యమంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) గాలి తగిలి ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. కాబట్టి కణాలు లేని గుంటలో (ప్లేట్‌లోని చిన్న గూడులో) కూడా అదే మోతాదు వేసి, ప్రోబ్ కలిపి, వచ్చే వెలుగును తప్పక కొలవండి. అల్జీమర్స్‌లో పేరుకునే అమైలాయిడ్-బీటాతో పనిచేసేవారు రాగి అయాన్ల జాడ ఉన్నప్పుడు అది కూడా పెరాక్సైడ్‌ను పుట్టించగలదని గుర్తుంచుకోవాలి.

మీరు పరీక్షించే మందుకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. కర్క్యుమిన్ వంటి రంగున్న సహజ పదార్థాలు తామే నీలి కాంతిని పీల్చి పచ్చని కాంతిని వెదజల్లుతాయి. మరికొన్ని ప్రోబ్ వెలుగును మింగేస్తాయి. మందు ఒక్కటే, ప్రోబ్ ఒక్కటే, రెండూ కలిపి, కణాలు లేకుండా ఒకసారి కొలిస్తే ఈ అనుమానం చాలావరకు తీరుతుంది. ఈ చిన్న పనికి అరపూట చాలు, అయినా దానిని వదిలేసేవారే ఎక్కువ.

మూడవ అడుగు: మాధ్యమాన్ని పరిశీలించండి

మాధ్యమంలో ఏమున్నదో సీసా మీది చీటీ చదవకుండా మొదలుపెట్టవద్దు. చాలా డీఎంఈఎం మాధ్యమాల్లో ఉండే 1 మిల్లీమోలార్ పైరువేట్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నేరుగా చర్య జరిపి దానిని తినేస్తుంది. ఫినాల్ రెడ్ అనే రంగు నేపథ్య వెలుగును పెంచుతుంది. సీరంలోని ఎస్టరేజ్ ఎంజైమ్‌లు డీసీఎఫ్‌హెచ్-డీఏ వంటి ప్రోబ్‌ను కణంలోకి వెళ్లకముందే తెగగొడతాయి. ప్రాథమిక నాడీకణాలను (జంతువు మెదడు నుంచి నేరుగా తీసినవి) పెంచేవారు మరచిపోయే ముఖ్య విషయం మరొకటి ఉంది: న్యూరోబేసల్ మాధ్యమంతో పాటు వాడే బి-27 మిశ్రమంలో కాటలేజ్, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, విటమిన్-ఇ, గ్లూటథయోన్ ముందే ఉంటాయి. ఆక్సీకరణ ఒత్తిడిని కొలవబోయే కణాలకు మనమే ఇన్ని రక్షకాలను తినిపిస్తూ, మందు ప్రభావం చూడాలనుకోవడం సరికాదు. యాంటీఆక్సిడెంట్లు లేని బి-27 విడిగా దొరుకుతుంది. ప్రయోగానికి ముందు దానికి మారి, మార్చిన సమయాన్ని అన్ని పాత్రలకూ ఒకేలా ఉంచండి. కొలత వేళకు పైరువేట్, ఫినాల్ రెడ్, సీరం లేని, గ్లూకోజ్ కలిపిన హెచ్‌బీఎస్‌ఎస్ వంటి బఫర్‌లోకి కణాలను మార్చడం మంచిది.

గ్లూకోజ్ మోతాదు కూడా ఫలితాన్ని మారుస్తుంది. 25 మిల్లీమోలార్ గ్లూకోజ్‌లో పెరిగే కణాలు శక్తి కోసం ఎక్కువగా గ్లైకాలసిస్‌పై (ఆక్సిజన్ అక్కర్లేని గ్లూకోజ్ విచ్ఛిత్తిపై) ఆధారపడతాయి కాబట్టి, మైటోకాండ్రియా విషాల దెబ్బ వాటికి అంతగా తగలదు.

నాలుగవ అడుగు: ప్రోబ్‌ను ఎంచుకోండి

ఎక్కువ సమయం వెచ్చించవలసిన చోటు ఇదే.

అందరి చేతిలోనూ ఉండే డీసీఎఫ్‌హెచ్-డీఏతో మొదలుపెడదాం. కణంలోని ఎస్టరేజ్‌లు దాని ఎసిటేట్ గుంపులను తొలగిస్తాయి. మిగిలిన డీసీఎఫ్‌హెచ్ ఆక్సీకరణ చెంది డీసీఎఫ్‌గా మారి, 488 నానోమీటర్ల కాంతితో ఉత్తేజితమై సుమారు 525 నానోమీటర్ల వద్ద పచ్చగా వెలుగుతుంది. ఇది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొలుస్తుందని ప్రచారంలో ఉన్న మాట నిజం కాదు. పెరాక్సైడ్ ఒక్కటే దీనిని ఆక్సీకరించలేదు. ఇనుము, పెరాక్సిడేజ్ లేదా సైటోక్రోమ్-సి తోడు కావాలి. చనిపోతున్న కణంలో మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్-సి బయటకు వచ్చినా, ఇనుము విడుదలైనా, పెరాక్సైడ్ ఏమాత్రం పెరగకుండానే వెలుగు పెరగగలదు. పైగా ఆక్సీకరణ మధ్యలో ఏర్పడే రాడికల్ ఆక్సిజన్‌తో కలిసి కొత్తగా సూపరాక్సైడ్‌ను పుట్టిస్తుంది, అంటే ప్రోబ్ తానే కొంత ఒత్తిడిని తయారుచేస్తుంది. దీనిని వాడకూడదని నేను అనను; తొలి వడపోతకు వాడవచ్చు. కానీ దానితో వచ్చిన ఫలితాన్ని ‘ఆక్సీకరణ సూచన’ అనే రాయాలి, ‘పెరాక్సైడ్ పెరిగింది’ అని రాయకూడదు.

సూపరాక్సైడ్ కోసం డైహైడ్రోఎథిడియం, మైటోకాండ్రియాకు చేరేలా దానికి ట్రైఫినైల్‌ఫాస్ఫోనియం తగిలించిన మైటోసాక్స్ వాడుకలో ఉన్నాయి. సూపరాక్సైడ్‌తో కలిసినప్పుడు వీటి నుంచి 2-హైడ్రాక్సీ ఎథిడియం రకం పదార్థం వస్తుంది. ఇతర ఆక్సీకారకాలతో ఎథిడియం రకం వస్తుంది. రెండూ ఎర్రగానే వెలుగుతాయి, వాటి వర్ణపటాలు ఒకదానిపై ఒకటి పడతాయి, కాబట్టి సూక్ష్మదర్శినిలో కనిపించే ఎరుపు సూపరాక్సైడ్‌కు రుజువు కాదు. సుమారు 400 నానోమీటర్ల వద్ద ఉత్తేజపరిస్తే హైడ్రాక్సీ రూపం వైపు కొంత మొగ్గు దొరుకుతుంది. అయితే ఖచ్చితమైన దారి ఒక్కటే: కణాలను పగలగొట్టి, సారాన్ని హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలోని పదార్థాలను విడగొట్టే యంత్రంలో) వేరుచేసి, 2-హైడ్రాక్సీ పదార్థాన్ని విడిగా కొలవడం. మైటోసాక్స్‌కు ఇంకో బలహీనత ఉంది. అది పొర విద్యుత్ పొటెన్షియల్‌ను ఆసరా చేసుకుని లోపలికి వెళ్తుంది. మీ విషం ఆ పొటెన్షియల్‌ను తగ్గిస్తే ప్రోబ్ లోపలికి తక్కువగా చేరి, ఉన్న సూపరాక్సైడ్‌ను కూడా తక్కువగా చూపిస్తుంది. మోతాదు 1 మైక్రోమోలార్ దగ్గర ఉంచండి. ఎక్కువైతే అది కేంద్రకంలోకి చేరి డీఎన్‌ఏకు అతుక్కుని మెరుస్తుంది. కేంద్రకాలు ఎర్రగా కనిపించిన మైటోసాక్స్ చిత్రాన్ని నమ్మవద్దు.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు రసాయన ప్రోబ్ కావాలంటే బోరోనేట్ జాతి ఉంది. రసాయన శాస్త్రవేత్త క్రిస్టఫర్ చాంగ్ బృందం 2004లో వెలువరించిన పెరాక్సీఫ్లోర్-1తో ఈ దారి బాగా ప్రచారమైంది. బోరోనేట్‌కు, పెరాక్సైడ్‌కు మధ్య చర్య చాలా నెమ్మది. పెరాక్సీనైట్రైట్‌తో అదే చర్య దాదాపు పది లక్షల రెట్లు వేగంగా సాగుతుంది. కాబట్టి మైక్రోగ్లియా (మెదడులోని రోగనిరోధక కణాలు) కలిసిన కల్చర్‌లో, అంటే నైట్రిక్ ఆక్సైడ్ ధారాళంగా తయారయ్యే చోట, ఎల్-నేమ్ వంటి నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ నిరోధకంతోనూ, కాటలేజ్‌తోనూ విడివిడిగా పరీక్షించిన తర్వాతే ఆ వెలుగుకు పేరు పెట్టండి. కణాలు బయటికి విడిచే పెరాక్సైడ్‌ను కొలవాలంటే హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్‌తో కలిపి వాడే యాంప్లెక్స్ రెడ్ నమ్మదగినది. ఒక పెరాక్సైడ్ అణువుకు ఒక రెసోరుఫిన్ అణువు వస్తుంది కాబట్టి ప్రామాణిక రేఖ గీసి సంఖ్యలో చెప్పవచ్చు.

నా మొదటి ఎంపిక మాత్రం జన్యుపరంగా కణమే తయారుచేసుకునే ప్రోబ్‌లు. 2006లో వచ్చిన హైపర్ బ్యాక్టీరియా ప్రోటీన్ ఆక్సీ-ఆర్ ఆధారంగా తయారైంది. అది పీహెచ్ మార్పుకు కూడా స్పందిస్తుంది కాబట్టి సైఫర్ అనే, పెరాక్సైడ్‌కు స్పందించని జంట ప్రోబ్‌ను పక్కన వాడాలి. 2020లో వచ్చిన హైపర్-7లో ఆ ఇబ్బంది చాలావరకు తొలగింది. రో-జీఎఫ్‌పీ2-ఓఆర్‌పీ1లో ఈస్ట్ పెరాక్సిడేజ్ ముందుగా పెరాక్సైడ్‌ను అందుకుని ఆ ఆక్సీకరణను పచ్చ ప్రోటీన్‌కు అందిస్తుంది. కణం సొంత రక్షకమైన గ్లూటథయోన్ సమతుల్యతను చూడటానికి జీఆర్‌ఎక్స్1-రో-జీఎఫ్‌పీ2 ఉంది. వీటిని మైటోకాండ్రియాకో, సైటోసాల్‌కో గురిపెట్టవచ్చు. రెండు తరంగదైర్ఘ్యాల నిష్పత్తిని చూస్తాం కాబట్టి ప్రోబ్ ఎంత ఉన్నదనే తేడా ఫలితంపై పడదు. ఒత్తిడి తగ్గినప్పుడు నిష్పత్తి కూడా వెనక్కి వస్తుంది. రసాయన ప్రోబ్‌లలో చాలావాటికి ఈ వెనక్కి వచ్చే గుణం లేదు.

కొవ్వుల ఆక్సీకరణే మీ ప్రశ్న అయితే బోడిపీ సీ11 (581/591) వాడండి. ఆక్సీకరణతో దాని వెలుగు ఎరుపు నుంచి పచ్చకు మారుతుంది. ఫెరోస్టాటిన్-1 అనే నిరోధకం ఆ మార్పును ఆపగలిగితే ఫెరోప్టోసిస్ (ఇనుము వల్ల కొవ్వులు ఆక్సీకరణ చెంది కణం చనిపోవడం) వైపు ఆలోచించే ఆధారం దొరుకుతుంది. రసాయన సందీప్తి ప్రోబ్‌లలో (బయటి కాంతి లేకుండా రసాయన చర్యతోనే వెలిగేవి) లూసిజెనిన్‌ను మాత్రం దూరంగా ఉంచండి. అది ఎలక్ట్రాన్ పుచ్చుకుని ఆక్సిజన్‌కు ఇచ్చి తానే సూపరాక్సైడ్‌ను తయారుచేస్తుంది.

ఐదవ అడుగు: ద్రావణాలను సిద్ధం చేసుకోండి

ప్రోబ్‌ను నీరు తగలని డీఎంఎస్‌ఓలో కరిగించి, చిన్న భాగాలుగా పంచి, వెలుతురు సోకకుండా మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంచండి. ఒకసారి కరిగించిన భాగాన్ని తిరిగి గడ్డకట్టించవద్దు. గుంటలో డీఎంఎస్‌ఓ 0.1 శాతం మించకూడదు, ఎందుకంటే అది హైడ్రాక్సిల్ రాడికల్‌ను పట్టుకుంటుంది. పోలిక గుంటలకు కూడా అంతే డీఎంఎస్‌ఓ వేయాలి.

పాత హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా మీది సంఖ్యను నమ్మకండి. 30 శాతం ద్రావణం కొత్తదైతే సుమారు 9.8 మోలార్ ఉంటుంది, కానీ నిల్వలో అది క్రమంగా విరిగిపోతుంది. దానిని సుమారు వెయ్యి రెట్లు పలుచన చేసి 240 నానోమీటర్ల వద్ద శోషణం చూడండి. మోలార్ శోషణ గుణకం 43.6 కాబట్టి, ఒక సెంటీమీటరు క్యువెట్‌లో 0.436 వస్తే అది 10 మిల్లీమోలార్ అన్నమాట. ఆ రోజు పలుచన చేసినదాన్ని ఆ రోజే వాడి పారబోయండి.

ఆరవ అడుగు: కొలవండి

రో-జీఎఫ్‌పీ2-ఓఆర్‌పీ1 ఉదాహరణగా చెబుతాను. ప్రోబ్ జన్యువును కణాల్లో ప్రవేశపెట్టిన తర్వాత అది నిలకడగా వ్యక్తమయ్యేవరకు ఆగండి. మరీ ప్రకాశవంతంగా ఉన్న కణాలను ఎంచుకోవద్దు, ఎందుకంటే అతిగా తయారైన ప్రోటీన్ కణాన్ని ఇబ్బంది పెడుతుంది. గాజు అడుగున్న పాత్రను 37 డిగ్రీల వద్ద సూక్ష్మదర్శినిపై ఉంచి, ఉష్ణోగ్రత కుదుటపడేవరకు వేచి ఉండండి. 405, 488 నానోమీటర్లతో వరుసగా ఉత్తేజపరిచి, రెండుసార్లూ 510 నానోమీటర్ల పరిసరాల్లో వెలుగును నమోదు చేయండి. లేజర్ శక్తిని వీలైనంత తగ్గించండి. విషం ఇవ్వని పాత్రను పూర్తి సమయం చిత్రించినా నిష్పత్తి కదలకుండా ఉంటేనే మీ కాంతి సురక్షితమని అర్థం. అది పైకి పాకుతుంటే మీ కాంతే ఆక్సీకరణ చేస్తున్నది.

మొదట కొన్ని నిమిషాలు ఆధార స్థాయిని తీసుకుని, తర్వాత రోటినోన్ చేర్చి చిత్రణ కొనసాగించండి. చివరలో అదే కణాలకు ఎక్కువ మోతాదులో హైడ్రోజన్ పెరాక్సైడ్ లేదా డయమైడ్ అనే ఆక్సీకారిణి ఇచ్చి ప్రోబ్‌ను పూర్తిగా ఆక్సీకరించండి. కడిగి, 10 మిల్లీమోలార్ డీటీటీ అనే క్షయకారిణితో పూర్తిగా క్షయకరించండి (ఆక్సీకరణను వెనక్కి తిప్పండి). ఈ రెండు కొసలు లేకుండా నిష్పత్తి అన్నది ఒక వట్టి అంకె. నేపథ్య వెలుగును రెండు మార్గాల నుంచీ తీసివేసిన తర్వాత లెక్క ఇలా ఉంటుంది: కొలిచిన నిష్పత్తి నుంచి క్షయకరణ నిష్పత్తిని తీసివేస్తే వచ్చేది లవం, ఆక్సీకరణ నిష్పత్తి నుంచి కొలిచిన నిష్పత్తిని తీసివేసి, దానిని 488 వెలుగు ఆక్సీకరణ కొస విలువకు, క్షయకరణ కొస విలువకు ఉన్న నిష్పత్తితో గుణించి, ఆ లబ్ధానికి లవాన్ని కలిపితే వచ్చేది హారం. ఫలితం ప్రోబ్‌లో ఎంత భాగం ఆక్సీకరణ చెందిందో సున్నా నుంచి ఒకటి మధ్య చెబుతుంది. ఈ ప్రోబ్‌ను తిరిగి క్షయకరించేది గ్లూటథయోన్ వ్యవస్థ కాబట్టి, గ్లూటథయోన్ తగ్గినా విలువ పెరుగుతుంది. జీఆర్‌ఎక్స్1 జంటను సమాంతరంగా నడిపితే ఆ తేడా తెలుస్తుంది.

ఏడవ అడుగు: పోలికలు లేకుండా ముగించవద్దు

సూపరాక్సైడ్‌కు నిశ్చయంగా స్పందన వచ్చే ఏర్పాటుగా యాంటీమైసిన్-ఎ లేదా మెనాడియోన్ వాడవచ్చు. పెరాక్సైడ్‌కు, కణంలో డీ-అమైనో ఆమ్ల ఆక్సిడేజ్‌ను వ్యక్తపరచి డీ-అలనీన్ చేర్చడం చక్కని పద్ధతి. డీ-అలనీన్ మోతాదుతో పెరాక్సైడ్ ఉత్పత్తిని మెల్లగా పెంచవచ్చు. అయితే నాడీకణాల్లో ఆ ఎంజైమ్ డీ-సెరీన్‌ను కూడా తినేస్తుంది, డీ-సెరీన్ ఎన్‌ఎమ్‌డీఏ గ్రాహకానికి సహాయకారి కాబట్టి, ఎంజైమ్ ఉన్నా డీ-అలనీన్ ఇవ్వని కణాలను కూడా పోలికకు ఉంచండి. వెలుగును ఆపడానికి కాటలేజ్‌ను కణంలోకి చేరే రూపంలో వాడండి.

ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఇచ్చినప్పుడు వెలుగు తగ్గితే అది ఆర్‌ఓఎస్ పాత్రకు రుజువని తేల్చేయడం ఈ రంగంలో బాగా పాతుకుపోయిన అలవాటు. ఆ పదార్థం పెరాక్సైడ్‌తో చాలా నెమ్మదిగా చర్య జరుపుతుంది. అది గ్లూటథయోన్‌ను పెంచుతుంది, డైసల్ఫైడ్ బంధాలను తెంచుతుంది, కణాన్ని వేరే దారుల్లో కూడా మారుస్తుంది. 2022లో నిపుణుల బృందం వెలువరించిన కొలత మార్గదర్శకాలు కూడా ఇటువంటి సాధారణ యాంటీఆక్సిడెంట్లపై ఆధారపడవద్దనే చెబుతున్నాయి.

చనిపోయే కణాలు గుండ్రంగా కుంచించుకుపోయి, లోపలి రంగు చిక్కబడి, ఊరికే ప్రకాశవంతంగా కనిపిస్తాయి. అందుకే మృతకణాలను గుర్తించే రంగును తోడుగా వేయండి. ఎర్ర ప్రోబ్ వాడుతుంటే ప్రొపీడియం అయొడైడ్ కాకుండా నీలి రంగును ఎంచుకోండి. కణాలు సగం చచ్చిన తర్వాత కనిపించే ఒత్తిడి మరణానికి కారణమో ఫలితమో చెప్పలేం కాబట్టి, మరణం మొదలయ్యే సమయానికి ముందరి గంటల్లోనే ముఖ్యమైన కొలతలు ఉండాలి.

కణజాలం, జంతువుల విషయంలో

వయసు మళ్లిన నాడీకణాల్లో పేరుకునే లిపోఫుసిన్ పచ్చ నుంచి ఎరుపు దాకా విస్తారంగా తానే వెలుగుతుంది. ముసలి జంతువు మెదడు ముక్కలో మీ ప్రోబ్ వెలుగు రెట్టింపైందని సంతోషించే ముందు, ప్రోబ్ లేని ముక్కను అదే అమరికలతో చూడండి. స్థిరీకరించిన ముక్కల్లో సుడాన్ బ్లాక్-బి ఆ నేపథ్యాన్ని చాలావరకు అణచివేస్తుంది. రో-జీఎఫ్‌పీ ఉన్న కణజాలాన్ని స్థిరీకరించాలంటే ముందుగా ఎన్-ఇథైల్ మాలిమైడ్‌తో థయోల్‌లను (ప్రోటీన్లలోని సల్ఫర్ గుంపులను) బంధించాలి, లేకుంటే కోసే సమయంలోనే అంతా గాలికి ఆక్సీకరణ చెందుతుంది. బతికి ఉన్న జంతువులో చూడాలంటే 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య వెలిగే ప్రోబ్ కావాలి. రసాయన సందీప్తి ప్రోబైన లూమినాల్ ఇచ్చే నీలి కాంతి పుర్రెను దాటేలోపే చెదిరిపోతుంది. ఆ ప్రోబ్ రక్త-మెదడు అవరోధాన్ని దాటుతుందని విడిగా చూపించండి. అమైలాయిడ్ ఫలకాలను థయోఫ్లావిన్-టితో గుర్తిస్తుంటే అది సుమారు 480 నానోమీటర్ల వద్ద వెలుగుతుందని, పక్కనున్న పచ్చ మార్గంలోకి చిందుతుందని మరువవద్దు.

చివరి అడుగు: వేరే సాక్ష్యంతో సరిచూసి రాయండి

వెలుగు చెప్పినదాన్ని వెలుగుతో సంబంధం లేని మరో కొలత బలపరచాలి. ఎఫ్2-ఐసోప్రోస్టేన్లను, 8-ఆక్సో-డీఆక్సీగ్వానోసిన్‌ను మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలవవచ్చు. 4-హైడ్రాక్సీనోనినల్ అతుక్కున్న ప్రోటీన్లను ప్రతిరక్షకంతో చూడవచ్చు. క్షయకరించిన గ్లూటథయోన్‌కు, ఆక్సీకరించినదానికి ఉన్న నిష్పత్తి తేలికైన తోడు. ఒకే కల్చర్‌లోని వంద కణాలను వంద ప్రయోగాలుగా లెక్కించవద్దు. విడివిడిగా పెంచిన కల్చర్లే లెక్కకు వస్తాయి. చిత్రాలను విశ్లేషించే వ్యక్తికి ఏది మందు గుంటో తెలియనీయవద్దు.

పద్ధతుల భాగంలో ప్రోబ్ గాఢత, కలిపి ఉంచిన సమయం, ఉష్ణోగ్రత, మాధ్యమంలోని పైరువేట్, సీరం వివరాలు, ఉత్తేజ-ఉద్గార తరంగదైర్ఘ్యాలు, లేజర్ శక్తి, కణాలు లేని గుంటల విలువలు అన్నీ రాయండి. ఫలితాల్లో మీరు కొలిచినంతే చెప్పండి. హెచ్‌పీఎల్‌సీ చేయకపోతే ‘మైటోసాక్స్ ఆక్సీకరణ పెరిగింది’ అని రాయండి, ‘సూపరాక్సైడ్’ అనే మాట వాడకండి. డీసీఎఫ్ ఒక్కటే ఉంటే శీర్షికలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరు పెట్టకండి. కొసలు తీసుకోని రో-జీఎఫ్‌పీ నిష్పత్తిని శాతంగా చూపకండి.